శిశువులకు ఆర్. యస్. వి. రక్షణము: దానిని లెక్కించు విధము

జలుబు చేసిన పసిబిడ్డ పాలు త్రాగలేక, డొక్కలెగురవేయుచు ఊపిరి పీల్చుట తల్లులు పెక్కుమంది చూచియే యుందురు. ఇట్టి జబ్బునకు తరచుగా కారణమగునది ఆర్. యస్. వి. అను వైరసు. 2019 వ సంవత్సరమున దీనివలన అయిదేండ్లలోపు బిడ్డలు లోకమున సుమారు లక్షమంది మరణించిరని అంచనా. వారిలో నూటికి 95 మందికి పైగా ధనములేని దేశములవారే.

1960 తరువాతి యేండ్లలో అమెరికాలో దీనికొక టీకాను శిశువులకు వేసి చూచిరి. టీకా పొందినవారికే జబ్బు ముదిరెను, ఇద్దరు మరణించిరి. కావున క్రొత్త మందు మంచిదన్నంత మాత్రమున వైద్యులు నమ్మరు.

2023 లో అమెరికాలో నిర్సెవిమాబ్ అను సూదిమందు వాడుకలోనికి వచ్చెను. శరీరము తయారుచేసికొనవలసిన ప్రతిరక్షకమును ఇది సిద్ధముగా నిచ్చును. పరీక్షలలో చీట్లు వేసినట్లు బిడ్డలను రెండు జట్లుగా విభజించి దీని గుణము ముందే చూచిరి. నిత్యవ్యవహారమున చీట్లు లేవు. జాగ్రత్తగల తలిదండ్రులే ముందుగా సూది వేయింతురు. బిడ్డకు రొప్పు రాగానే ఆసుపత్రికి పరుగెత్తువారును వారే. ఇట్టి స్థితిలో వట్టి లెక్క మోసపుచ్చును.

అందుచేత ఊపిరి జబ్బుతో ఆసుపత్రిలో చేరిన శిశువులనే తీసికొని, వైరసు కనబడినవారినొక వరుసగను, కనబడనివారిని వేరొక వరుసగను ఉంచిరి. 1923 కాదు, 2023 అక్టోబరు మొదలు 2024 ఫిబ్రవరి వరకు అమెరికాలో ఇట్లు చూచిన శిశువులు 699 మంది. వైరసు గల 407 మందిలో సూది పొందినవారు 6గురే. వైరసు లేని 292 మందిలో 53 మంది. విద్యార్థులు పలక తీసికొని 6ను 401 చేతను, 53ను 239 చేతను భాగింతురు గాక. మొదటి ఫలము రెండవదానిలో నూటికి ఇంచుమించు 7 పాళ్లు. అనగా రక్షణము 93. వయస్సు, జబ్బుచేసిన నెల మొదలగువానిని సవరింపగా 90 అయ్యెను.

అయినను ఆ ఆరు అను చిన్న అంకెను చూడుడు. ఇంత కొద్దిమందిపై నిలిచిన లెక్క గనుక, నిజమైన రక్షణము 75 మొదలు 96 వరకు ఎచ్చటనైన నుండవచ్చునని వారే వ్రాసిరి. సూది వేసి నెలన్నర దినములే గడచిన బిడ్డలు వారిలో పెక్కుమంది. అయిదవ నెలలో రక్షణమెంతయో ఆ లెక్క చెప్పదు. ఆ యేడు మందు చాలక బలహీన శిశువులకే ముందుగా నిచ్చిరి. స్పెయిను దేశపు గలీసియాలో అందరికిని ఇయ్యగా, నూటికి 90 మందికి పైగా వేయించుకొనిరి. అచ్చట ఆసుపత్రి పాలగుట నూటికి 82 వంతులు తగ్గెను.

ఈ రెండును పరీక్షశాలలు గల ఆసుపత్రుల లెక్కలు. మరణములు హెచ్చుగానున్న దేశములలో అనేక శిశువులు ఇంటనే కన్నుమూయుదురు. వారి ముక్కునుండి నమూనా తీయువారు లేరు గనుక, వారు ఏ వరుసలోను చేరరు.