నల్లకోటు లేని న్యాయ ఉద్యోగం

మన ఇళ్లలో న్యాయశాస్త్రం చదివిన బిడ్డ అనగానే నల్లకోటు, కోర్టు ఆవరణ, సీనియరు న్యాయవాది వద్ద జూనియరుగా గడిపే సంవత్సరాలు మనకు గుర్తుకు వస్తాయి. అది గౌరవప్రదమైన మార్గమే. అయితే కోర్టు మెట్లు ఎక్కనవసరం లేని ఉద్యోగాలకు కూడా నేడు పెద్ద కంపెనీలు లా పట్టభద్రులను తీసుకుంటున్నాయి. ఒప్పందాలను రాయడం, పరిశీలించడం ఒక విభాగం. కంపెనీ చట్టాలను పాటిస్తున్నదో లేదో చూసే ‘కంప్లయన్స్’ మరొకటి. పైపులైన్లకు, కర్మాగారాలకు భూమి హక్కులు సమకూర్చే విభాగం ఇంకొకటి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంతో ‘ప్రైవసీ’ విభాగానికీ ప్రాముఖ్యం పెరిగింది. ఈ ఉద్యోగాల ఇంటర్వ్యూలో అభ్యర్థి నుంచి ఏమి ఆశిస్తారో, కుటుంబం ముందుగా ఏమి ఆలోచించుకోవాలో చూద్దాం.

కోనసీమ వాసులకు ఇది దూరపు సంగతి కాదు. తాటిపాకలో ఓఎన్‌జీసీ శుద్ధి కర్మాగారం ఉంది. ఎస్. యానాం వద్ద రవ్వ క్షేత్రపు చమురు, గ్యాసు ఒడ్డుకు చేరుతాయి. మన కొబ్బరితోటల కిందుగా గ్యాసు పైపులు సాగుతున్నాయి. ప్రతి పైపు వెనుకా ఒక చట్టం, ఒక నోటిఫికేషన్, ఒక రైతు సందేహం ఉంటాయి. ఆ చట్టాన్ని ఆ రైతుకు అర్థమయ్యేలా, నిజాయితీగా చెప్పగలవాడే కంపెనీకి కావాలి. ఇటువంటి ఇంటర్వ్యూల సారాంశం ఇదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. “కొబ్బరితోట గుండా పైపులైను వెళ్లాలి, రైతు ఒప్పుకోవడం లేదు, మీరేమి చేస్తారు?” అని అడిగారనుకుందాం. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టంలోని సెక్షన్లను వరుసగా అప్పజెప్పితే సగం మార్కులే. ఆ రైతు ఎదురుగా కూర్చున్నట్లు భావించి ఇలా చెప్పగలగాలి: “భూమి మీ పేరునే ఉంటుందండి. పైపు వేసుకునే వినియోగ హక్కు మాత్రమే తీసుకుంటారు. అభ్యంతరం ఉంటే నోటిఫికేషన్ తేదీ నుంచి 21 రోజులలోగా రాసి ఇవ్వవచ్చు. చెట్లకు, పంటకు జరిగే నష్టానికి పరిహారం వస్తుంది. ఆ హక్కు పోయిన నేలకు మార్కెట్ విలువలో పది శాతం అదనంగా ఇస్తారు. అయితే ఆ మేర ఇకమీదట ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పరిహారం చాలదనిపిస్తే జిల్లా న్యాయస్థానానికి వెళ్లవచ్చు.”

చెట్టు నాటకూడదన్న మాటను దాచివేసి సంతకం రాబట్టడం తెలివి కాదు. కొబ్బరి మీద బతికే కుటుంబానికి ఆ ఒక్క వాక్యమే అన్నింటికంటే ముఖ్యం. దాన్ని ముందే చెప్పినవాడి మీద రైతుకు నమ్మకం కలుగుతుంది, కంపెనీకి రేపటి వ్యాజ్యం తప్పుతుంది. లావాదేవీలను రాసిపెట్టుకోవడం గురించి చెప్పే బఖరా సూరా 282వ ఆయతు దివ్య ఖుర్‌ఆన్‌లో అతి దీర్ఘమైనదని మనకు తెలుసు. ఒప్పందంలో స్పష్టత ఎంత విలువైనదో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

రెండో రకం ప్రశ్న మరింత కఠినం. “తనిఖీ నివేదిక తర్వాత చూద్దాం, ఇప్పుడు సంతకం పెట్టేయండి అని పై అధికారి అంటే ఏమి చేస్తారు?” ఈ ప్రశ్న ఎంత బరువైనదో కోనసీమకు తెలుసు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కొబ్బరిచెట్లు, ఇళ్లు కాలిపోయాయి. కంప్లయన్స్ ఉద్యోగి బల్లమీది కాగితానికి అవతల ఊళ్లు ఉన్నాయి, నిద్రిస్తున్న పిల్లలు ఉన్నారు. కనుక “పై అధికారి మాటే శిరోధార్యం” అన్నది సరైన జవాబు కాదు. కోపంతో రాజీనామా చేస్తాననడమూ జవాబు కాదు. చట్టం ఏమి కోరుతున్నదో, జాప్యం వల్ల వచ్చే ప్రమాదమేమిటో రాతపూర్వకంగా తెలియజేస్తాను, త్వరగా చేయదగిన మార్గం చూపుతాను, అప్పటికీ వినకపోతే నియమాల ప్రకారం ఇంకా పైవారి దృష్టికి తీసుకువెళతాను అని చెప్పాలి. ఉద్యోగం ఒక అమానతు అన్న మాటకు ఆచరణ రూపం ఇదే.

సాధారణంగా మొదట ఫోనులో సంభాషణ, తర్వాత ఒక ఒప్పందాన్ని ఇచ్చి లోపాలు గుర్తించమనే పరీక్ష, ఆపై వివిధ విభాగాల అధికారులతో సమావేశం ఉంటాయి. ఆ అధికారులలో చాలామంది లా చదివినవారు కారు. అందువల్ల ఇంట్లోనే సాధన చేయాలి. అద్దె ఒప్పందాన్నో, గల్ఫ్ వెళ్లే బంధువుల ఉద్యోగ పత్రాన్నో తీసుకుని అమ్మీకో నానీకో ఐదు నిమిషాలలో తెలుగులోనో ఉర్దూలోనో వివరించాలి. వారికి అర్థమైతే అధికారికీ అర్థమవుతుంది. “కోర్టు ఎందుకు వద్దనుకున్నారు?” అన్న ప్రశ్న తప్పక వస్తుంది. కోర్టును తక్కువ చేసి మాట్లాడరాదు. వివాదం పుట్టకముందే నివారించే పని నచ్చిందని చెప్పి, దానికి తాము చేసిన ఒక పనిని ఉదాహరణగా చూపాలి.

నిర్ణయానికి ముందు కుటుంబం ఒక విషయం తెలుసుకోవాలి. బార్ కౌన్సిల్ నియమావళిలోని 49వ నియమం ప్రకారం, ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది పూర్తికాల జీతపు ఉద్యోగం చేయరాదు. ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్‌కు తెలిపి ప్రాక్టీసు నిలిపివేయాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. న్యాయమూర్తి కావాలన్న ఆశ ఉన్న బిడ్డ ఈ లెక్క వేసుకున్న తర్వాతే కంపెనీ వైపు అడుగు వేయాలి.

ఇంటర్వ్యూ చివర మనమూ ప్రశ్నలు అడగవచ్చు. ఉద్యోగం కంపెనీ జాబితాలోనా, కాంట్రాక్టరు ద్వారానా? ఎవరి కింద పని? శుక్రవారం జుమాకు వెసులుబాటు ఉంటుందా? వడ్డీ రుణాల పత్రాల విషయంలో సంకోచం ఉన్నవారు విధుల జాబితాను ముందే అడిగి తెలుసుకోవాలి. ఆడబిడ్డలైతే ఫిర్యాదుల కమిటీ గురించి నిస్సంకోచంగా అడగాలి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా ఆ కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఇంటర్వ్యూకు డబ్బు అడిగేవారిని మాత్రం దగ్గరకు రానీయకూడదు.

ఇంగ్లీషు ధారాళంగా రాదని అమలాపురం, రాజోలు, కొత్తపేట పిల్లలు వెనుకాడనవసరం లేదు. భాష సాధనతో వస్తుంది. కాగితంలో ఉన్నదాన్ని ఉన్నట్లు చెప్పే అలవాటు ఇంట్లోనే అబ్బుతుంది. దానిని అలవరచే బాధ్యత తల్లిదండ్రులుగా మనది.