పాత స్పోర్ట్స్ కారు – విడిభాగముల సేకరణ

ఒక కారు తయారీ నిలిచిపోయిన పిదప దాని విడిభాగములు ఎచ్చట లభించును? ఎం.జి.బి. అను ఆంగ్ల స్పోర్ట్స్ కారును ఉదాహరణముగా తీసికొందము. ఇది 1962 నుండి 1980 వరకు ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారమున తయారైనది. ఐదు లక్షలకు పైగా కార్లు వెలువడినందున, కర్మాగారము మూతపడినను విడిభాగముల గిరాకీ తగ్గలేదు. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులతోనే క్రొత్త బాడీలను తయారుచేయ నారంభించినది.

అయితే కారు పేరు చెప్పినంత మాత్రమున సరియైన భాగము దొరకదు. 1964లో క్రాంక్ షాఫ్టుకు మూడు మెయిన్ బేరింగులకు మారుగా ఐదు అమర్చిరి. 1967లో బ్యాటరీ ఎర్త్ పాజిటివ్ నుండి నెగటివ్‌కు మారినది. కావున ఛాసిస్, ఇంజను నంబర్లను పార్టు నంబరుతో సరిచూచిన పిమ్మటనే కొనవలెను. మనకు చిరపరిచితమైన అంబాసిడర్‌లో చాలకాలము వాడిన 1489 సి.సి. ఇంజను, ఎం.జి.బి.లోని 1798 సి.సి. ఇంజను బి-సిరీస్ అను ఒకే కుటుంబమునకు చెందినవి. అంతమాత్రమున ఒకదాని భాగములన్నియు రెండవదానికి అమరవు.

మరియొక హెచ్చరిక. ఇనుప భాగము తుప్పు పట్టకుండ దాచిన ఏండ్ల తరబడి నిలుచును. రబ్బరు అట్లు కాదు. దశాబ్దములు అరలో పడియున్న బ్రేకు హోసు, పెట్టె విప్పనిదైనను, లోలోపల పెళుసుబారియుండవచ్చును. కంపెనీవారి అసలు సరుకను మోజుతో దానిని బిగించుట ప్రాణములతో చెలగాటమే. పాత ఇనుమును వెదకుడు, రబ్బరును మాత్రము క్రొత్తదే కొనుడని విద్యార్థి మిత్రులకు మా మనవి.