పెట్టె లోపల ఒక ఊరి పేరు

నా గిటార్ కడుపులో ఒక ఊరి పేరుంది. దాని పైచెక్కకు వయొలిన్‌కి ఉన్నట్టే ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు చీలికలుంటాయి. ఒళ్లో పెట్టుకున్నప్పుడు పైకి వచ్చే చీలికలోకి టార్చి వేసి చూస్తే, లోపల కోడిగుడ్డు ఆకారంలో నారింజ రంగు కాగితం అతికించి ఉంటుంది. దాని మీద గిబ్సన్ అన్న పేరు, ఈఎస్-175 అన్న రకం, వాటితో పాటు కలమజూ, మిషిగన్ అని అచ్చు. పదకొండేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. తీగలు మార్చిన ప్రతిసారీ ఆ కాగితాన్ని ఒకసారి చూసుకోవడం అలవాటైపోయింది.

మేముండేది డెట్రాయిట్ శివార్లలో. కలమజూ ఇక్కడికి పడమరగా 140 మైళ్లు, ఐ-94 రోడ్డు మీద రెండు గంటల ప్రయాణం. షికాగో వెళ్లేటప్పుడు ఎన్నోసార్లు ఆ ఊరి పక్కనుంచి పోయాం, ఆగలేదు. మొన్న ఏప్రిల్‌లో గిటార్‌ని వెనక సీట్లో పడుకోబెట్టి, బెల్టు పెట్టి, దాన్ని పుట్టింటికి తీసుకెళ్లాను.

షికాగోకి, డెట్రాయిట్‌కి సరిగ్గా నడుమనున్న ఊరిది. ఒకప్పుడు సెలరీ పంటకు, కాగితపు మిల్లులకు పేరు. అప్‌జాన్ మందుల కంపెనీ ఇక్కడే పుట్టింది. సినిమాల్లో కనిపించే న్యూయార్క్ పసుపుపచ్చ ట్యాక్సీలు, చెకర్ బండ్లు, ఇక్కడే తయారయ్యాయి. ఊరి నడిబొడ్డు నుంచి కాస్త ఉత్తరానికి పోతే పార్సన్స్ వీధి. 225 నంబరు దగ్గర ఇటుక గోడల ఫ్యాక్టరీ. 1917లో గిబ్సన్ కంపెనీ ఇందులోకి వచ్చింది. జాజ్ గిటార్ అనగానే మన చెవిలో మోగే గుండ్రటి, వెచ్చటి శబ్దంలో చాలా భాగం ఈ గోడల మధ్య తయారైంది.

కథ మాత్రం అంతకన్నా ముందే, ఒక చెప్పుల దుకాణం గుమాస్తాతో మొదలైంది. ఆర్విల్ గిబ్సన్ 1856లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, బతుకుతెరువుకు కలమజూ చేరాడు. పగలు దుకాణంలో పని, మిగిలిన వేళల్లో ఉలి. అప్పటి మాండొలిన్లు సొరకాయ బుర్రలాంటి పొట్టతో, సన్నటి పలకలు వంచి అతికించినవి. వంచిన చెక్క బిగువులో ఉంటుంది, బిగువులో ఉన్నది స్వేచ్ఛగా మోగదని ఆయన నమ్మకం. అందుకని పక్కలను వంచకుండా ఒకే దిమ్మలోంచి తొలిచాడు, పైచెక్కను వయొలిన్ లాగా ఉబ్బెత్తుగా చెక్కాడు. 1898లో ఆ పద్ధతికి పేటెంటు వచ్చింది.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా మేనత్త వీణ గుర్తొచ్చింది. విజయనగరంలో వాళ్లింట్లో ఉండేది బొబ్బిలి వీణ. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో కుండ, దండి, యాళి తల అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. అతుకు లేని చెక్కలో నాదం ఆగకుండా పారుతుందని అత్తయ్య చెప్పేది. ఆర్విల్‌కి గొల్లపల్లి తెలిసే అవకాశం లేదు, గొల్లపల్లికి ఆర్విల్ అక్కర్లేదు. ఉలి పట్టినవాళ్లు ఎక్కడున్నా చెక్కను ఒకే ప్రశ్న అడుగుతారేమో.

1902లో ఊళ్లోని ఐదుగురు వ్యాపారులు కలిసి ఆర్విల్ పేరు మీద కంపెనీ పెట్టారు. పేరూ పేటెంటూ ఇచ్చినందుకు ఆయనకు దక్కింది 2,500 డాలర్లు, భాగస్వామ్యం లేదు. 1918లో పోయాడు. కంపెనీ పేరులో గిటార్ కన్నా మాండొలిన్ ముందుండేది, ఆ రోజుల్లో మోజు దాని మీదే. ఆ మోజు అమెరికాలో చల్లారిన ఎన్నో ఏళ్లకు మన పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ మీద త్యాగరాజ కృతులు పలికించి, ఆ వాద్యం పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు.

ఆర్విల్ దిమ్మలు తొలిచే పద్ధతిని కంపెనీ కొనసాగించలేదు, పక్కలు వంచడానికే మళ్లింది. ఉబ్బెత్తు పైచెక్క మాత్రం నిలిచింది. 1919లో కంపెనీలో చేరిన లాయిడ్ లోర్ అనే సంగీతజ్ఞుడు దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. 1922లో ఆయన హయాంలో వచ్చిన ఎల్-5 గిటార్‌కి గుండ్రటి రంధ్రం తీసేసి రెండు ఎఫ్ చీలికలు పెట్టారు. పైన స్ప్రూస్, వెనక మేపుల్. బ్రిడ్జిని చెక్కకు అతికించరు, తీగల ఒత్తిడి మీదే అది నిలబడుతుంది. మెడ లోపల బిగించుకోగల ఉక్కు కడ్డీ ఉంటుంది. ఇప్పుడు ఉక్కు తీగల గిటార్లు దాదాపు అన్నింటిలో ఉండే ఆ కడ్డీని కనిపెట్టింది కూడా ఈ కంపెనీ పనివాడే, థాడియస్ మక్‌హ్యూ.

ఎల్-5 గొంతు పెద్దదే, కానీ బ్యాండులో ట్రంపెట్లు, సాక్సొఫోన్లు లేచాయంటే గిటార్ వాయించేవాడి చేతులు కదలడం కనిపించేదే తప్ప శబ్దం వినిపించేది కాదు. తాళానికి అండగా కార్డ్స్ కొట్టడమే అతని పని. 1936లో పార్సన్స్ వీధి నుంచి ఈఎస్-150 వచ్చింది. ఈఎస్ అంటే ఎలక్ట్రిక్ స్పానిష్. తీగల కింద అయస్కాంతపు పికప్, పక్కన యాంప్లిఫయర్. ఓక్లహోమా సిటీలో పెరిగిన చార్లీ క్రిస్టియన్ దాన్ని అందుకుని 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. స్వరం వెంట స్వరంగా, సాక్సొఫోన్ మాట్లాడినట్టు గిటార్‌తో మాట్లాడించాడు. క్షయతో 1942 మార్చిలో పోయేనాటికి 25 ఏళ్లు. పట్టుమని మూడేళ్లు నిండని ఆ వాదనం తర్వాత గిటార్ వెనక వరుసలోకి మళ్లీ వెళ్లలేదు. ఇండియానాపొలిస్‌లో వెస్ మాంట్‌గొమరీ అనే యువకుడు ఆ రికార్డులు అరిగేదాకా విని, పక్కవాళ్ల నిద్ర చెడకుండా బొటనవేలి కండతో మీటి, లోకం మొత్తం అనుకరించే కంఠాన్ని సంపాదించాడు. తర్వాత ఆయన చేతిలో నిలిచిందీ కలమజూ ఎల్-5 ఎలక్ట్రిక్ గిటారే.

ఇక నా 175. 1949లో ఈ రకం మొదలైనప్పుడు ధర 175 డాలర్లు, పేరు అలాగే వచ్చింది. వెడల్పు 16 అంగుళాలు. పై మెట్లు అందడానికి ఒక భుజాన్ని కోసి ముక్కు తేల్చారు. దీని పైచెక్క ఉలితో చెక్కినది కాదు. మేపుల్ పొరలను అతికించి, అచ్చులో నొక్కి ఉబ్బెత్తు తెచ్చిన ప్లైవుడ్. ఆర్విల్ సిద్ధాంతానికి ఇది పూర్తిగా ఎదురు. బోలు గిటార్‌కి పెద్ద జబ్బు కూత. స్పీకర్ శబ్దం పెట్టెను కదిలిస్తుంది, పెట్టె తీగల్ని కదిలిస్తుంది, ఆ కదలిక మళ్లీ స్పీకర్లోకి పోతుంది, క్షణంలో హాలంతా ఏనుగు ఘీంకారం. గట్టి ప్లైవుడ్ అంత తొందరగా లొంగదు. కరెంటు లేనప్పుడు దీని గొంతు కాస్త బిడియంగా ఉంటుంది నిజమే, కరెంటు తగిలాక మాత్రం తేనె. 1957 నుంచి సెత్ లవర్ రూపొందించిన రెండు చుట్ల పికప్ పెట్టారు. ఒక చుట్ట పట్టిన గుంయ్‌మనే రొదను రెండోది కొట్టేస్తుంది. ఆ నిశ్శబ్దం మీద స్వరం గుండ్రంగా పలుకుతుంది.

దీన్ని వాయించడం ఒక స్వభావాన్ని అలవాటు చేసుకోవడం. దీని స్వరం ఎక్కువసేపు నిలవదు. మీటగానే పెట్టె గాలి మొత్తం ఒక్కసారి పలికి, వెంటనే తగ్గిపోతుంది. రాక్ గిటార్ మీదలాగా ఒక్క స్వరం పట్టుకుని సాగదీయలేం. కాబట్టి ఏ స్వరం తర్వాత ఏది రావాలో ముందే తెలిసుండాలి. నేను వేసేవి ఫ్లాట్‌వౌండ్ తీగలు, అంటే గుండ్రటి తీగకు బదులు చదునైన లోహపు రిబ్బను చుట్టినవి. వేలు జరిపితే కీచుమనవు. కానీ లావు, మూడో తీగకూ చుట్టు ఉంటుంది, పక్కకు లాగితే కదలదు. చిన్నప్పుడు అత్తయ్య దగ్గర నాలుగేళ్లు వీణ నేర్చుకున్న నా వేళ్లు గమకం కోసం ఇప్పటికీ తీగను లాగబోతాయి. అది ఒప్పుకోదు. జారు ఒక్కటే దీని మీద చక్కగా కుదురుతుంది. అలా అత్తయ్య నేర్పిన కల్యాణి రాగాన్ని రెండు మెట్ల జారులతో వెతుక్కుంటూ కొన్ని రాత్రులు గడిపాను. యాంప్లిఫయర్ పెట్టకుండా, వంటింట్లో. పక్క గదిలో పిల్లలు లేవరు, నా ఛాతీకి ఆనిన పెట్టె మాత్రం నాకు పూర్తిగా వినిపిస్తుంది. ఈ గిటార్ కొనుక్కున్నందుకు నేను మొదట చెప్పే కారణం ఆ ఆనడమే.

సొంతానికి ఉండటమంటే సేవ కూడా. మిషిగన్ చలికాలంలో హీటరు గాలికి ఇల్లు ఎండిపోతుంది. పెట్టె ప్లైవుడ్ అయినా మెడ, వేళ్ల పలక ఒంటి చెక్కే. అవి ముడుచుకుంటే మెట్ల కొసలు బయటికి పొడుచుకొచ్చి అరచేతిని గీస్తాయి. గిటార్ దాచే కేసులో తేమమీటరు పెట్టి, తడి గుడ్డలాంటి సరంజామాతో నలభై అయిదు, యాభై శాతం దగ్గర కాపాడుకోవాలి. అక్కడ అత్తయ్యకు కష్టం ఎండతో, మే నెలలో మైనం మెత్తబడి వీణ మెట్లు కదిలిపోయేవి, మళ్లీ మేళం కట్టించేది. ఊరు మారితే వాతావరణం మారుతుంది, ఆరాటం మారదు.

ఇలాంటి గిటార్ చేతికి రావడం ఒక మనిషి జీవితాన్ని మార్చిన సందర్భమూ ఉంది. జాజ్ గిటారిస్టు జో పాస్ మత్తుమందుల నుంచి బయటపడటానికి కాలిఫోర్నియాలో సైననాన్ కేంద్రంలో ఉన్నప్పుడు ఆయనకు సొంత గిటార్ లేదు, కేంద్రంలో ఉన్న బోలు లేని గట్టి చెక్క గిటారే వాయించేవాడు. ఆ సంగతి తెలిసిన ఒక అభిమాని ఆయనకు ఈఎస్-175 కొనిచ్చాడు. 1970ల్లో ఒంటరిగా కూర్చుని ఒక్క గిటార్‌తో బేస్, కార్డ్స్, పాట మూడూ నడిపిన జో పాస్ చేతిలో లోకం ఎక్కువగా చూసింది ఆ రకాన్నే.

పార్సన్స్ వీధి గురించి చెప్పేటప్పుడు ఆడవాళ్ల ప్రస్తావన చాలా ఆలస్యంగా వస్తుంది, చాలాచోట్ల రాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు వెళ్లిపోయాక ఈ బల్లల దగ్గరికి కలమజూ మహిళలు వచ్చారు. యుద్ధకాలంలో గిటార్లు తయారుచేయలేదన్నట్టుగా కంపెనీ చరిత్ర చాలాకాలం మాట్లాడింది. 1944లో ఫ్యాక్టరీ ముందు డెబ్బై మందికి పైగా మహిళలు దిగిన ఒక ఫోటో జాన్ థామస్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడి కంటపడింది. ఆయన వాళ్లలో బతికున్నవారిని వెతికి, మాట్లాడి, ‘కలమజూ గాల్స్’ అనే పుస్తకం రాశాడు. ఆనాటి గిటార్లను ఎక్స్‌రే తీయించి చూస్తే లోపలి చెక్కపని ఇంకా సున్నితంగా ఉందని తేలింది. ఇన్నేళ్లూ ఆ మంచి గిటార్లు వాయించినవాళ్లెవరూ వాటిని ఎవరు చేశారని అడగలేదన్నది నాకు బాధ కలిగించే విషయం. నా లేబుల్ మీదా ఊరి పేరుందిగానీ చేసినవాళ్ల పేరు లేదు.

తర్వాత కంపెనీ చేతులు మారింది. 1970ల్లో నాష్‌విల్‌లో కొత్త ఫ్యాక్టరీ కట్టారు, పని మెల్లగా అటు జారింది, 1984లో ఇక్కడ తలుపులు మూశారు. రమ్మంటే దక్షిణానికి వెళ్లలేనివాళ్లున్నారు. ఇల్లు, పిల్లల బడి, ముసలి తల్లిదండ్రులు అన్నీ కలమజూలోనే. జిమ్ డర్లూ, మార్వ్ ల్యాంబ్, జె.పి. మోట్స్ ఈ ఫ్యాక్టరీలో 1950ల్లో కుర్రాళ్లుగా చేరి పెద్ద బాధ్యతల దాకా ఎదిగినవాళ్లు. వాళ్లు మరికొందరితో కలిసి పాత యంత్రాల్లో కొన్నింటిని కొని, అదే భవనంలో చోటు తీసుకుని, 1985లో హెరిటేజ్ అనే కొత్త కంపెనీ మొదలుపెట్టారు. పేరు మారింది, చేతులూ బల్లలూ అవే. వాళ్ల హెచ్-575 నా 175కి తోబుట్టువు, తేడా ఏమిటంటే దాని పైచెక్క ప్లైవుడ్ కాదు, చెక్కిన మేపుల్.

ముందే అడిగి పెట్టుకోవడంతో హెరిటేజ్ వాళ్లు నన్ను లోపలికి తీసుకెళ్లారు. మొదట తగిలింది వాసన, రంపపు పొట్టూ లక్కా కలిసిన వాసన. ఒకచోట వదులుగా తిరుగుతున్న ఇసుక పట్టా మీద ఒక మహిళ మెడను పెట్టి, మణికట్టు తిప్పుతూ గుండ్రం తెస్తోంది. కొలబద్ద లేదు. మధ్యమధ్య ఆపి, కళ్లు మూసుకుని అరచేతితో తడిమి చూస్తోంది.

నా గిటార్‌ని ఒక పెద్దాయన బల్ల మీద కంబళి పరిచి పడుకోబెట్టాడు. పళ్ల డాక్టరు దగ్గరుండే చిన్న అద్దాన్ని చీలికలోకి దించి, టార్చి వేసి, నన్ను చూడమన్నాడు. పదకొండేళ్లలో లేబుల్ తప్ప మరోవైపు చూడని నాకు పైచెక్క అడుగున పెన్సిల్ గీత ఒకటి, దాని పక్కన చిన్న టిక్కు కనిపించాయి. ఎవరిదని అడిగాను.

“తెలీదు. ఇక్కడివాళ్లదే ఎవరిదో,” అన్నాడు.

తర్వాత దాన్ని ఒళ్లోకి తీసుకుని ఒక కార్డ్ మోగించి, నా టోన్ గుండీ ఎక్కడుందో చూశాడు. అది దాదాపు మూడు దగ్గర ఉంది. జాజ్ అంటే మసకగానే ఉండాలని నేను అలవాటు చేసుకున్నది.

“ఇంత మూసేయకండి. పెట్టెని కూడా మాట్లాడనివ్వండి,” అంటూ ఏడుకి తిప్పి నా చేతికిచ్చాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, పిల్లలు పడుకోకముందే యాంప్లిఫయర్ పెట్టి కల్యాణి ఎత్తుకున్నాను. గుండీ ఏడు దగ్గరే ఉంది.