పచ్చని గోడలోని పాషాణము

గదికి ఆకుపచ్చరంగు వేయింపదలచిన గృహస్థు ఎదుట వర్తకుడు రెండు నమూనాలుంచును. ఒకటి చిలుకరెక్కవలె కన్నులకు కొట్టవచ్చినట్లుండును. రెండవది నీటిపాచివలె మందకాంతితో నుండును. ఎంత తర్కించినను నేడు పోవునది ఒక సాయంకాలము మాత్రమే. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో ఇట్టి ఎన్నిక ప్రాణములతోడి వ్యవహారమయ్యెను.

స్వీడను దేశపు రసాయనశాస్త్రవేత్త షీలే 1775లో రాగిని పాషాణముతో కలిపి ఒక పచ్చరంగును సాధించెను. పాషాణమనగా శాస్త్రజ్ఞుల ఆర్సెనిక్. మన వైద్యులెరిగిన తాళకమును ఆ వంశములోనిదే. (తాళకము పసుపువన్నెది, ఐనను పసుపునకును ఆకువన్నెకును ఒకే ‘పచ్చ’ చాలునన్న తెలుగువానికి ఇవి రెండును పచ్చలే.) 1814లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణమున అంతకంటె తళుకైన మరియొక పచ్చ పుట్టెను. దానికి మరకతమణి పేరే పెట్టిరి. గోడకాగితములకు, కృత్రిమపుష్పములకు, తుదకు స్త్రీల దుస్తులకును అది ఎక్కెను. షీలే పచ్చయా, మరకతపచ్చయా? దేనిని ఎన్నుకొన్నను ఇంటికి వచ్చునది పాషాణమే.

చెమ్మపట్టిన పచ్చగదులలో దుర్వాసన పుట్టుచున్నదనియు, అట్టి కాగితములు హానికరములనియు జర్మను శాస్త్రజ్ఞుడు గ్మెలిన్ 1839లోనే పత్రికాముఖమున హెచ్చరించెను. తళుకు ముందు ఆ మాట నిలువలేదు. బూజు ఆ రంగును తిని విషవాయువును విడుచునని 1890ల ప్రాంతమున ఇటలీ వైద్యుడు గోసియో ప్రయోగపూర్వకముగా చూపెను. ఆ వాయువు అనుకొన్నంత ఘోరమైనది కాదనియు, గోడనుండి రాలిన ధూళియే ఎక్కువ ప్రమాదకరమై యుండుననియు తరువాతివారి అభిప్రాయము. 1821లో సెంటు హెలీనా ద్వీపమున మరణించిన నెపోలియన్ నివాసపు గోడకాగితమునను ఆర్సెనిక్ బయటపడెను. అంతమాత్రమున ఆతనిని గోడయే చంపెననుట కథలకు అందమే గాని నిదర్శనమునకు నిలువదు.

1859లో గిన్యే అను ఫ్రెంచివాడు క్రోమియముతో చేయు పచ్చకు హక్కుపత్రము పొందెను. దానిలో పాషాణము లేదు. తళుకును తక్కువ, వెలయు నెక్కువ. చిత్రకారులు దానిని ఆదరించిరి. మరకతపచ్చయో, 1860లలో అమెరికా రైతుల చేతికి చిక్కి బంగాళాదుంప చేల పురుగులను చంపు మందయ్యెను. ఇంటిగోడపై మెరసినదియు, చేనిలో చల్లినదియు ఒకే పొడి!

భారతదేశమున 2016 నాటి నియమములు ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని కట్టడి చేసెను. ఆ మాట డబ్బాపై ముద్రింపవలెను. ఇంటిగదికైనను, బడిగదికైనను, చిలుకపచ్చయా పాచిపచ్చయా అని తేల్చుకొనుటకు ముందు చదువదగిన అక్షరములవి.