ఆవిడ ఉద్యోగం మానిన సంగతి

పోయిన ఉగాది విందులో పులిహోర వరుసలో నిలబడి ఉండగా ఒక కొత్త జంట మమ్మల్ని పక్కకు పిలిచారు. ఆ అమ్మాయికి ఆరో నెల. "మీరు అప్పట్లో ఉద్యోగం మానేశారట కదండీ, ఎలా తేల్చుకున్నారు?" అని అడిగింది. పులిహోర అయిపోతుందేమోనన్న కంగారులో "అదంతా పెద్ద కథమ్మా, తరువాత చెబుతాం" అని తప్పించుకున్నాము. ఇంటికి వచ్చాక ఇద్దరికీ మనసు బాగాలేదు. ఆ ప్రశ్న ఇదివరకు కనీసం పదిమంది అడిగి ఉంటారు. ప్రతిసారీ "బాబు కోసం" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాము. అది అబద్ధం కాదు, కాని నిజమంతా అది కాదు. సంపాదకులు రెండు పేజీలు ఇస్తామన్నారు గనుక ఆ మిగిలిన నిజం వ్రాస్తున్నాము.

ఇద్దరమూ ఒకే బల్ల దగ్గర కూర్చుని వ్రాస్తున్నాము. పేర్లు పెట్టుకోవటం మొహమాటం. అందుచేత "ఆవిడ", "ఆయన" అనే వ్రాస్తాము. మన ఇళ్ళలో అలవాటైన పిలుపులే కదా.

ఆవిడ కాకినాడలో సివిల్ ఇంజనీరింగు చదివి, ఇక్కడ ఎమ్మెస్ చేసి, వంతెనలు డిజైను చేసే ఒక కంపెనీలో చేరింది. మా పిట్స్‌బర్గుకు మూడు నదులు, నాలుగు వందలకు పైగా వంతెనలు. వంతెనల ఇంజనీరుకు ఇంతకంటె మంచి ఊరు లేదు. ఆయన ఒక ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో పని. ఇద్దరివీ హెచ్-1బి వీసాలే. 2012 జనవరిలో, మోకాలి లోతు మంచులో, బాబు పుట్టాడు.

ఇక్కడి సెలవు సంగతి కొత్తగా వచ్చినవారికి కొంచెం చెప్పాలి. 1993లో వచ్చిన చట్టం ప్రకారం 50 మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న చోట ఏడాది పాటు, ఆ ఏడాదిలో కనీసం 1,250 గంటలు, పని చేసి ఉంటే 12 వారాలు సెలవు దొరుకుతుంది. ఉద్యోగం పోదు, ఆరోగ్య బీమా పోదు. జీతం మాత్రం రాదు. కాలిఫోర్నియాలో 2004 నుంచి, న్యూజెర్సీలో 2009 నుంచి రాష్ట్రం వారే కొన్ని వారాలపాటు జీతంలో కొంత ఇచ్చే ఏర్పాటు ఉంది. 2012లో మా పెన్సిల్వేనియాలో అలాంటిది లేదు. కంపెనీ వారి బీమా మీద ఆవిడకు మొదటి 6 వారాలు జీతంలో నూటికి 60 వంతున వచ్చింది. ఆపైన సున్నా.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాకినాడలో ఆవిడ పిన్ని కూతురు కూడా పురిటి సెలవులో ఉంది. కేంద్ర ప్రభుత్వోద్యోగం, జీతంతో 180 రోజులు. "నువ్వెప్పుడు జాయినవుతావే అక్కా?" అని ఫోనులో అడిగింది. "ఏప్రిల్‌లో" అంటే కాసేపు మాట్లాడలేదు. "ఈ ఏప్రిలేనా?" అంది. (ఇండియాలో ప్రైవేటు ఉద్యోగాలకు 1961 చట్టంలో ఉన్న 12 వారాలను 2017లో 26 వారాలకు పెంచారు, మొదటి ఇద్దరు పిల్లలకు.)

ఆ చట్టంలోని 12 వారాలు తండ్రికి కూడా వర్తిస్తాయి. ఈ మాట పెద్ద అక్షరాలతో వ్రాయాలని ఆవిడ పట్టు. ఆయన తీసుకున్నది 5 రోజులు, అవీ తన వెకేషన్ లోంచి. ఎవరూ వద్దనలేదు. ఆయనకు అడగాలని తోచనే లేదు.

తోచకపోవటానికి కారణం అమ్మమ్మ. పురిటికి నెల ముందే కాయం, శొంఠిపొడి, సాంబ్రాణి, సున్నిపిండి, ఒక ఇనుప మూకుడుతో సహా దిగింది. ఐ-94 మీద జూన్ నెల వరకు గడువు. ఆ ఆరు నెలలూ మా అపార్టుమెంటు కాకినాడే. ఏప్రిల్‌లో ఆవిడ ఆఫీసుకు వెళ్ళటం మొదలుపెట్టినా ఇంట్లో లోటు తెలియలేదు. పాలు తీసుకోవటానికి ఆఫీసులో పాత డ్రాయింగులు దాచే గది తాళం ఇచ్చారు. 2010 నాటి చట్టంలో బాలింతలకు చోటు, విరామం ఇవ్వాలని ఉన్నా, నెల జీతం మీద పనిచేసే ఇంజనీర్ల వంటివారు చాలామంది అందులోకి రారు. 2022 చివర గాని వారిని చేర్చలేదు. కనుక ఆ తాళం వాళ్ళ దయ. కాగితాల వాసన, దుమ్ము, తలుపు అవతల అడుగుల చప్పుడు. ఆ గదిని గురించి ఆవిడ ఇప్పటికీ సరదాగా చెబుతుంది. అప్పుడు సరదాగా లేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఆరు నెలలే మమ్మల్ని మోసం చేశాయి. ఇంత సుఖంగా జరిగిపోతోంది కదా, ముందు కూడా ఇలాగే జరుగుతుందనుకున్నాము. జూన్‌లో అమ్మమ్మ వెళ్ళగానే నాయనమ్మ రావాలని ఏర్పాటు. టిక్కెట్టు కూడా కొన్నాము. ఇంతలో తాతయ్యకు గుండెకు స్టెంటు వేయవలసి వచ్చింది. ఆవిడ రాలేకపోయింది, రమ్మని అడిగే ముఖమూ మాకు లేదు.

డేకేరులో వేశాము. నెలకు 1,150 డాలర్లు. పసిపిల్లల గదిలో నలుగురికి ఒకరు చొప్పున మనిషి ఉండాలని ఈ రాష్ట్రపు నియమం. వాళ్ళు మంచివాళ్ళే, బాబును ముద్దుగానే చూసేవారు. కాని ఆ వేసవిలో వాడికి వచ్చిన జ్వరాలకు లెక్కలేదు. జ్వరం వస్తే వెంటనే తీసుకుపోవాలి, తగ్గి 24 గంటలైతే గాని మళ్ళీ రానివ్వరు. ఆఫీసులో ఫోను మోగితే ఆవిడ గుండె ఝల్లుమనేది. చేర్పించిన నాడు నింపిన కాగితంలో ఇద్దరి నంబర్లూ ఉన్నాయి. కాని మొదటి గడిలో ఉన్నది ఆవిడ నంబరు. వాళ్ళు మొదటి గడికే ఫోను చేస్తారు. ఆ కాగితం నింపింది ఆయన.

ఆ రోజుల్లో అమ్మమ్మ ఫోను చేసి, "నా దగ్గర వదిలెయ్యవే. రెండేళ్ళు పెంచి బంగారంలా పంపిస్తాను" అంది. మనలో ఎంతోమంది చేసిన పనే ఇది, అందులో తప్పు పట్టటానికి మేమెవరం? మేము కూడా బాబుకు పాస్‌పోర్టు ఫోటో తీయించాము. కళ్ళు తెరిచి ఉన్న ఫోటో కావాలంటారు, వాడేమో దీపం వెలగగానే కళ్ళు మూసేస్తాడు. తొమ్మిదోసారికి వచ్చింది. ఆ ఫోటోలో వాడు మమ్మల్నే చూస్తున్నట్టు ఉన్నాడు. ఆ రాత్రి ఇద్దరం పడుకున్నట్టు నటించాము. తెల్లవారి కాఫీ దగ్గర ఆయన "పంపవద్దు" అన్నాడు. ఆవిడ అప్పటికే ఫోటోను తన పర్సులో దాచేసింది.

ఆ వారాంతంలోనే గ్యాసు బిల్లు కవరు వెనుక లెక్క వేశాము. ఆవిడకు చేతికి వచ్చే జీతం నెలకు 3,400. డేకేరు 1,150 తీసివేత. రెండో కారు వాయిదా, బీమా, పెట్రోలు, పార్కింగు కలిపి 620 తీసివేత. ఓపిక లేక బయట కొనుక్కునే తిండి 250. మిగిలేది 1,380. "ఈ 1,380 కోసమా ఇంత యాతన?" అన్న మాట ఎవరన్నారో మాత్రం ఈనాటికీ తేలలేదు. ఆయనే అన్నాడని ఆవిడ, ఆవిడే అందని ఆయన. ఈ ఒక్క వాక్యం దగ్గర వ్యాసం గంటసేపు ఆగిపోయింది.

కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నాయి, ఇద్దరమూ ఇంజనీర్లమే కదా. లెక్క వేసిన పద్ధతే తప్పు. బాబు ఇద్దరికీ పుట్టాడు. మరి డేకేరు ఖర్చు ఆవిడ జీతం లోంచే ఎందుకు తీసివేశాము? ఆ రాత్రి ఆ ప్రశ్న మాలో ఎవరికీ రాలేదు. వచ్చేసరికి నాలుగేళ్ళు పట్టింది.

కవరు మీద ఎక్కనివి ఇంకా చాలా ఉన్నాయి. రిటైర్మెంటు ఖాతాకు కంపెనీ కలిపే సొమ్ము ఎక్కలేదు. సోషల్ సెక్యూరిటీ పెన్షనుకు ఏడాదికి నాలుగు చొప్పున మొత్తం 40 క్రెడిట్లు కావాలి, అంటే పదేళ్ళ పని. పైగా ఎక్కువ సంపాదించిన 35 ఏళ్ళ సగటు మీద లెక్క కడతారు. అన్ని ఏళ్ళు లేకపోతే ఖాళీ ఏళ్ళు సున్నాలుగా పడతాయి. ఆవిడ చేతిసంతకంతో ఒక వంతెన డ్రాయింగు బయటకు వెళ్ళాలంటే పి.ఇ. లైసెన్సు ఉండాలి. దానికి లైసెన్సు ఉన్న ఇంజనీరు కింద సుమారు నాలుగేళ్ళ అనుభవం కావాలి. అప్పటికి ఆవిడకు రెండేళ్ళ తొమ్మిది నెలలు. ఇవేవీ డాలర్లలో లేవు కనుక కవరు మీద లేవు.

అన్నిటికంటె పెద్దది వీసా. ఉద్యోగం మానితే హెచ్-1బి పోతుంది, హెచ్-4కు మారాలి. ఉద్యోగం ఆగిన తరువాత 60 రోజుల గడువు అనేది 2017లో వచ్చింది. 2012లో అదీ లేదు కనుక రాజీనామాకు ముందే దరఖాస్తు పంపాము. అప్పట్లో హెచ్-4 మీద ఒక్క గంట కూడా జీతానికి పనిచేయకూడదు. ఆరేళ్ళ హెచ్-1బిలో మిగిలిన కాలం తరువాత వాడుకోవచ్చు, మళ్ళీ లాటరీ అక్కర్లేదు. కాని దరఖాస్తు పెట్టే కంపెనీ దొరకాలి. ఆవిడ ముందు వారానికి 24 గంటలు చేస్తానని ఆఫీసులో అడిగింది. పనుల గడువులు దగ్గర పడ్డాయి, కుదరదన్నారు. ఆయన తన ఆఫీసులో గంటలు తగ్గించమని అడగలేదు. ఇదీ పెద్ద అక్షరాలతో వ్రాయమంటోంది.

2012 సెప్టెంబరు ఆఖరున మానేసింది. ఆఫీసులో కేకు కోశారు.

మొదటి ఏడాది బాగుంది. బాగాలేదని చెబితే పాపం తగులుతుంది. వాడి మొదటి అడుగు, మొదటి మాట, పెన్ హిల్స్ గుడిలో అన్నప్రాసన ఆలస్యంగానైనా చేయించటం, ఇవన్నీ ఆవిడ కళ్ళతో చూసింది, ఆయన ఫోనులో విన్నాడు. కాని ప్రతి ఫారం మీదా ఆవిడ పేరు పక్కన "డిపెండెంటు" అని. విందుల్లో "మీరేం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే ఆయన అందుకుని "ఇంజనీరండీ" అనేవాడు. సాయం చేశాననుకునేవాడు. ఆవిడకు ఒళ్ళు మండేది. స్ట్రోలరు తోసుకుంటూ నదిగట్టున వెళ్ళి, ఏదో వంతెన కింద ఆగి, గర్డర్లకు పట్టిన తుప్పు చూస్తూ నిలబడేది. తమ్ముడి పెళ్ళికి 300 డాలర్లు పంపాలని అనుకున్నప్పుడు ఆయనను అడిగింది. ఆయన "సరే" అన్నాడు. ఆ "సరే" అన్నట్టు ఆయనకు గుర్తే లేదు. ఆవిడకు తేదీతో సహా గుర్తుంది.

2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 మంజూరైన వారి భార్యకో భర్తకో హెచ్-4 మీదే పని అనుమతి ఇచ్చే నియమం వచ్చింది. ఆయన ఐ-140 అప్పటికే మంజూరై ఉంది. కార్డు చేతికి వచ్చాక ఆవిడ ఎన్ని దరఖాస్తులు పెట్టిందో లెక్క పెట్టలేదు. "ఈ మూడేళ్ళూ ఏం చేశారు?" అన్న ప్రశ్న మాత్రం ప్రతిచోటా ఒక్కటే. 2016లో ఒక చిన్న కంపెనీలో దొరికింది. మానిన నాటి జీతం కంటె ఏడాదికి 11,000 తక్కువ. మళ్ళీ మొదటి మెట్టు. లైసెన్సు 2020లో వచ్చింది.

మానటం తప్పు అని మేము అనటం లేదు. బాబుతో గడిపిన ఆ మూడేళ్ళను ఆవిడ ఎవరికీ ఇవ్వదు. కాని "ఇద్దరం కలిసి నిర్ణయించాము" అని ఇంతకాలం చెప్పుకుంటూ వచ్చామే, ఆ మాట ఇప్పుడు మా గొంతులో అడ్డుపడుతుంది. నిర్ణయం ఇద్దరిదీ, మూల్యం ఒకరిది.

ఆ కొత్త జంటకు మేము చెప్పగలిగింది కొద్దిగా ఉంది. అమ్మమ్మను పురిటికే రప్పించి, అందరూ ఒకేసారి ఇంట్లో కూర్చోకండి. ముందు తల్లి 12 వారాలు, అవి అయ్యాక తండ్రి 12 వారాలు. ఇద్దరి కంపెనీలూ వేరైతే ఎవరి సెలవు వారిదే, సామాన్యంగా బిడ్డ పుట్టిన ఏడాదిలోపు వాడుకోవాలి. ఆ తరువాత అమ్మమ్మ ఆరు నెలలు. అక్కడికి ఏడాది దగ్గర పడుతుంది. జీతం లేని వారాలకు డబ్బు ఇప్పటినుంచే కూడబెట్టాలి, అది నిజం. పురుడు పోసే చెయ్యి దగ్గర లేకపోతే ఎలా అని అమ్మమ్మలు నొచ్చుకుంటారు, అదీ నిజమే. రెండిటికీ మా దగ్గర మందు లేదు. మానాలనే తేల్చుకుంటే, టాక్సు జాయింటుగా దాఖలు చేసేవారు సంపాదన లేని మనిషి పేరన కూడా ఐ.ఆర్.ఏ. ఖాతాలో సొమ్ము వేయవచ్చు. ఆ మూడేళ్ళూ మేము పైసా వేయలేదు, ఎందుకంటే తెలియదు.

2022 జనవరి 28 తెల్లవారుజామున మా ఊళ్ళో ఫ్రిక్ పార్కు దగ్గర ఫెర్న్ హాలో వంతెన కూలింది. అధ్యక్షుడు బైడెన్ రోడ్లు, వంతెనల గురించి మాట్లాడటానికి ఊరికి రావలసిన రోజు అది. బస్సుతో సహా కూలినా ఎవరి ప్రాణమూ పోలేదు. ఏడింటికల్లా ఆవిడకు ఆఫీసు నుంచి ఫోను, పాత తనిఖీ నివేదికలన్నీ తియ్యాలని. మంచులో బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది, రాత్రి తొమ్మిదికి వచ్చింది. మధ్యాహ్నం బాబుకు బడిలో జ్వరం వచ్చింది. నర్సు ఫోను ఆయనకు చేసింది. ఇప్పుడు మొదటి గడిలో ఉన్నది ఆయన నంబరే. తీసుకొచ్చి, పడుకోబెట్టి, చారు కాచాడు. ఉప్పు మరిచాడని బాబు ఇప్పటికీ చెబుతాడు.

ఉగాది నాడు అడిగిన దంపతులకు: మా నంబరు సంఘం డైరెక్టరీలో ఉంది. ఏదో ఒక ఆదివారం సాయంత్రం రండి. పులిహోర మా ఇంట్లోనే చేస్తాము.