బాంబు చేసినవాళ్ళే... టైటిల్స్‌లో లేరు!

సినిమా అయిపోగానే లేచి గేటువైపు పరిగెత్తే అలవాటు నాకు లేదు. టైటిల్స్ ఆఖరి పేరు దాకా చదివితే గానీ సీటు వదలను. పక్కవాళ్ళు విసుక్కుంటారనుకోండి! ఈ పిచ్చికి కారణం మా నాన్నగారు. ఆయన మద్రాసులో ఒక ఫిలిం లాబొరేటరీలో ఇరవై ఏళ్ళకు పైగా నెగెటివ్ కడిగారు. చిమ్మచీకటి గదిలో పని. చేతిలో ఉన్న రీలు ఏ హీరోదో, ఏ డైరెక్టరుదో చాలాసార్లు తెలిసేది కాదు. సినిమా రిలీజై, ఊరంతా శతదినోత్సవం పోస్టర్లు పడ్డాక, "ఓహో, ఇది మన చేతిమీదుగా పోయిందే!" అనుకునేవారు. టైటిల్స్‌లో లాబ్ పేరు పడేది. ఆయన పేరు ఒక్కసారీ పడలేదు.

2023 జూలై 21న 'ఓపెన్‌హైమర్' విడుదలైనప్పుడు హైదరాబాదులో మొదటి వారంలోనే చూశాను. హాలు నిండా కుర్రకారే. హీరో నోట గీతలో మాట వచ్చేసరికి వెనక వరసల్లోంచి ఈల! (గీత పుస్తకం కనిపించే ఇంకో సీను మీద మన దేశంలో పెద్ద గొడవే జరిగింది. అది వేరే కథ.) మూడు గంటల సినిమా, ఎక్కువ భాగం మాటలే. అయినా ఎవరూ కదల్లేదు. 2024 మార్చిలో ఏడు ఆస్కార్లు కొట్టేసిన చిత్రం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది?

అయితే టైటిల్స్ పడుతున్నప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. తెరమీద ఓ ముప్ఫైమంది సైంటిస్టులు, ఒక మిలిటరీ జనరలు, ఒక ఎడారి ఊరు. ఇంతమందేనా ఆటంబాంబు చేసింది?

కాదండీ. మన్‌హట్టన్ ప్రాజెక్టు 1942లో మొదలైంది. 1944 నాటికి, పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో, అందులో దాదాపు 1,30,000 మంది పనిచేశారు. ఖర్చు సుమారు 200 కోట్ల డాలర్లు, అదీ ఆనాటి డాలర్లు! ఆ లక్షమందిలో చాలామందికి తాము చేస్తున్నది ఏమిటో తెలియనే తెలియదు. చీకటి గదిలో మా నాన్నలాగే.

గాజు గోళీలు ఎక్కడివి?

సినిమాలో ఒక చిన్న సీను ఉంది, గుర్తుందా? ఓపెన్‌హైమర్ గాజుపాత్రల్లో గోళీలు ఒక్కొక్కటే వేస్తుంటాడు. యురేనియం ఎంత వచ్చింది, ప్లుటోనియం ఎంత వచ్చింది అని లెక్క. బొత్తిగా నాలుగైదు షాట్లు. యురేనియం గోళీల వెనక మాత్రం ఒక ఊరు ఊరంతా ఉంది.

ఆ ఊరు టెన్నెసీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్. 1942 చివర్లో ప్రభుత్వం అక్కడ 59,000 ఎకరాల దాకా తీసుకుంది. సుమారు వెయ్యి కుటుంబాలు లేచిపోవలసి వచ్చింది. కొందరికి ఇచ్చిన గడువు కొద్ది వారాలే. 1945 కల్లా అక్కడ 75,000 జనాభా! మ్యాపులో మాత్రం ఆ ఊరు లేదు. చుట్టూ కంచె, గేటు దగ్గర కాపలా. గాంధీగారి మూడు కోతులు మనకి బాగా తెలుసుగా? అక్కడ రోడ్డు పక్కన పెద్ద హోర్డింగు మీద అవే మూడు కోతులు. ఇక్కడ చూసిందీ విన్నదీ ఇక్కడే వదిలెయ్యి అని హెచ్చరిక.

వై-12 అనే ఫ్యాక్టరీలో కాలుట్రాన్లని పేరున్న యంత్రాలు 1,152 ఉండేవి. బాంబుకి పనికివచ్చే యురేనియాన్ని మామూలు యురేనియంలోంచి వేరుచేసే పని వాటిది. వాటి అయస్కాంతాలకు రాగి కావాలి. యుద్ధకాలం, రాగి దొరకదు. ఏం చేశారో తెలుసా? ఖజానాలోంచి 13,000 టన్నులకు పైగా వెండి అప్పు తెచ్చి తీగలు చుట్టారు! (మన ఆడవాళ్ళు వింటే కాలి పట్టీలు గుర్తు చేసుకుని నిట్టూరుస్తారు.) తర్వాత ఆ వెండి తిరిగి ఇచ్చేశారు లెండి.

ఈ యంత్రాలను నడిపింది ఎవరు? ఎక్కువమంది హైస్కూలు చదువు ముగించిన పడుచుపిల్లలు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. ఎత్తు స్టూలు మీద కూర్చోవాలి. ఎదుట డయళ్ళు. ముల్లు పక్కకి జరిగితే మీట తిప్పి మళ్ళీ దారికి తేవాలి. షిఫ్టు అయ్యేదాకా ఇదే. ఎందుకు అని అడగకూడదు. అయస్కాంతాల శక్తి ఎంతంటే దగ్గరికి వెళితే జడలోని పిన్నులు ఎగిరిపోయేవట!

సినిమాలో జోష్ హార్ట్‌నెట్ వేసిన ఎర్నెస్ట్ లారెన్స్ గుర్తున్నాడా? ఈ యంత్రం ఆయన బుర్రలో పుట్టిందే. తన డాక్టరేటు కుర్రాళ్ళు తప్ప ఇంకెవరూ దాన్ని సరిగ్గా నడపలేరని ఆయన ధీమా. కల్నల్ కెన్నెత్ నికొల్స్‌కు ఆ పిల్లల మీద నమ్మకం. పోటీ పెట్టారు. గెలిచింది పిల్లలే! ముల్లు కదిలితే ఎందుకు కదిలిందా అని డాక్టరేట్లు పరిశోధనలోకి దిగేవారు. వీళ్ళు చెప్పినట్టు మీట తిప్పి ఊరుకునేవారు. ఇది చదివి మొదట నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. ప్రశ్న వెయ్యనివాళ్ళే బాగా పనికొచ్చారన్న మాట.

అంత రహస్యపు ఊళ్ళో కెమెరా పట్టుకుని తిరగడానికి అనుమతి ఉన్నది ఒక్కడికే. ఎడ్ వెస్ట్‌కాట్, అప్పటికి ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఆయన తీసిన ఫోటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. పొడుగాటి గది, రెండువైపులా డయళ్ళు, స్టూళ్ళ మీద అమ్మాయిల వరస. ముందు కూర్చున్నామె గ్లాడిస్ ఓవెన్స్. యాభై ఏళ్ళ తర్వాత జనంతోపాటు ఆ ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్ళి, ఈ ఫోటోలో తనను తాను చూసుకున్నప్పుడుగానీ తను దేంట్లో పాలుపంచుకుందో ఆమెకు తెలియలేదట!

మిగతావాళ్ళకు తెలిసింది 1945 ఆగస్టు 6న, లోకంతోపాటే. హిరోషిమా మీద పడిన బాంబులో 64 కిలోల యురేనియం. వాళ్ళ మీటల కింద నుంచి వచ్చిందే. ఆ ఏడాది చివరికల్లా హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, ఆగస్టు 9న బాంబు పడిన నాగసాకిలో సుమారు 70,000 మంది పోయారు. యుద్ధం అయిపోయిందని ఓక్ రిడ్జ్‌లో జనం వీధుల్లోకి వచ్చి సంబరాలు చేసుకున్నారు. ఆ ఫోటో తీసిందీ వెస్ట్‌కాటే. అన్నలూ తమ్ముళ్ళూ యుద్ధం నుంచి తిరిగొస్తారన్న సంతోషాన్ని ఎలా తప్పుపడతాం?

ఇక్కడే మా నాన్న పోలిక తెగిపోతుంది. ఆయన కడిగిన రీళ్ళవల్ల మహా అయితే ఒకరిద్దరు డిస్ట్రిబ్యూటర్లు మునిగి ఉంటారు!

ఎబ్ కేడ్ సంగతి

ఇది ఏ సినిమాలోనూ చూడని కథ. ఓక్ రిడ్జ్‌లో నల్లజాతి కూలీలను వేరే గుడిసెల్లో ఉంచేవారు. భార్యాభర్తలను సైతం విడివిడిగానే. ఎబ్ కేడ్ అక్కడ సిమెంటు పని చేసేవాడు, వయసు 53. 1945 మార్చిలో పనికి వెళ్తుంటే కారు ప్రమాదంలో ఎముకలు విరిగాయి. ఏప్రిల్ 10న ఆస్పత్రిలో డాక్టర్లు ఆయనకు ఒక ఇంజెక్షను ఇచ్చారు. ప్లుటోనియం! ఆయన్ని అడగలేదు, ఆయనకి చెప్పలేదు. ఒంట్లో ఎంత నిలిచిందో చూడ్డానికి 15 పళ్ళు పీకారు. 1953లో గుండెజబ్బుతో పోయాడు. అలా ఇంజెక్షను ఇచ్చినవాళ్ళు మొత్తం 18 మంది. ఈ పేర్లు 1990లలో గానీ బయటికి రాలేదు. డయల్ ముందు కూర్చున్న అమ్మాయిలకు జీతమైనా అందింది. ఈయన్నే డయల్‌గా వాడుకున్నారు.

కెమెరామన్ మైమరచిన క్షణం

మన పత్రిక పాఠకులకు కెమెరామన్ కథ చెప్పకపోతే ఎలా? 1945 జూలై 16, ఉదయం 5.29. న్యూమెక్సికో ఎడారిలో తొలి పరీక్ష. ఛాయాగ్రాహకుడు బెర్లిన్ బ్రిక్స్‌నర్. యాభైకి పైగా కెమెరాలు ఏర్పాటు చేశాడు. కొన్ని సెకనుకు వేలకొద్దీ ఫ్రేములు తీసేవి. తను దాదాపు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, నల్ల అద్దంలోంచి సూటిగా చూస్తూ కూర్చున్నాడు. వెలుగు వచ్చింది. కళ్ళు బైర్లు కమ్మాయి. అగ్నిగోళం పైకి లేస్తుంటే నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది, తను ఫోటోలు తియ్యడానికి వచ్చానని! చటుక్కున కెమెరా పైకి తిప్పాడు. మనం డాక్యుమెంటరీల్లో చూసే ఆ షాట్లో కుదుపు అందుకే. ఇంకో సంగతి, ఆ వెలుగులో చప్పుడే లేదని ఆయన చెప్పాడు. చప్పుడు తొమ్మిది కిలోమీటర్లు రావడానికి దాదాపు అర నిమిషం పడుతుంది మరి. నోలన్ సినిమాలో హాలంతా ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దం దర్శకుడి చమత్కారం అనుకున్నాను. అక్కడ నిజంగా జరిగిందే!

లూయిస్ స్లోటిన్ కథను మాత్రం సినిమావాళ్ళు వదల్లేదు. 1946 మే 21న లాస్ అలమోస్‌లో ప్లుటోనియం ముద్ద మీద పరీక్ష చేస్తుండగా చేతిలో స్క్రూడ్రైవరు జారింది. నీలికాంతి మెరిసింది. తొమ్మిది రోజుల్లో పోయాడు, 35 ఏళ్ళు. అంతకుముందు 1945లో అదే ముద్ద 24 ఏళ్ళ హారీ డాగ్లియన్‌ను బలి తీసుకుంది. 1989లో పాల్ న్యూమన్ నటించిన 'ఫ్యాట్ మాన్ అండ్ లిటిల్ బాయ్'లో స్లోటిన్‌ను పోలిన పాత్ర ఉంది. పేరు మార్చారు, చావును ట్రినిటీ పరీక్షకు ముందుకు జరిపారు. క్లైమాక్సు ముందు ఒక చావు ఉండాలి కదా. సినిమా సూత్రం హాలీవుడ్‌లోనైనా, కోడంబాకంలోనైనా ఒకటే.

మొన్న ఆదివారం ఇంట్లో మా మేనకోడలితో కలిసి టీవీలో 'ఓపెన్‌హైమర్' మళ్ళీ చూశాను. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. గోళీల సీను దగ్గర ఆపి, ఓక్ రిడ్జ్ పిల్లల కథ చెప్పాను. సెల్‌ఫోనులో వెస్ట్‌కాట్ ఫోటో తీసి చాలాసేపు చూసింది.

"ముందే చెప్పుంటే వీళ్ళు చేసేవాళ్ళు కాదా, మావయ్యా?"

"తెలిసినవాళ్ళు ఏం చేశారో చూడు" అన్నాను. 1945 జూలైలో లియో జిలార్డ్ అర్జీ మీద 70 మంది సైంటిస్టులు సంతకాలు పెట్టారు. అది ప్రెసిడెంటు ట్రూమన్ దాకా చేరలేదు. పని వదిలి వెళ్ళిపోయినవాడు మాత్రం ఒక్కడు, జోసెఫ్ రోట్‌బ్లాట్. పోలండువాడు. భార్య వార్సాలో చిక్కుకుపోయింది, నాజీల చేతుల్లో పోయింది. హిట్లర్ కంటే ముందు బాంబు చెయ్యాలనే లాస్ అలమోస్‌కు వచ్చాడు. జర్మనీ బాంబు పని మానేసిందని 1944 చివర్లో తెలియగానే మూట సర్దుకున్నాడు. కారణం ఎవరికీ చెప్పకూడదని షరతు. పైగా గూఢచారి అని అనుమానం. రైల్లో ఆయన కాగితాల పెట్టె మాయమైంది. అణ్వాయుధాలకు వ్యతిరేకంగా పనిచేసినందుకు 1995లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

"ఆయన ఈ సినిమాలో ఉన్నాడా?" అంది.

లేడని చెప్పాను.