పారిపోతాడన్న అనుమానం - బెయిలు వాదన

"వదిలిపెడితే ముద్దాయి పారిపోతాడు." బెయిలు దరఖాస్తు విచారణకు వచ్చినప్పుడు ప్రాసిక్యూషన్ తరచుగా చెప్పే అభ్యంతరమిది. దీన్ని తేలిగ్గా కొట్టివేయలేం. ముద్దాయి దొరకకపోతే విచారణ ఏళ్ళ తరబడి కుంటుపడుతుంది, బాధితులకు న్యాయం అందదు. అయితే అనుమానం వ్యక్తం చేయడం వేరు, దానికి ఆధారం చూపడం వేరు. డిఫెన్సు వాదన ఈ తేడా మీదే నిలబడుతుంది.

నేరం రుజువయ్యేవరకు ముద్దాయి నిర్దోషే. అందువల్ల విచారణకు ముందు జైలు శిక్షగా మారకూడదు. ముద్దాయి కోర్టుకు హాజరయ్యేలా చూడడమే బెయిలు ఉద్దేశమని 2జి స్పెక్ట్రం వ్యవహారానికి సంబంధించిన సంజయ్ చంద్ర కేసులో సుప్రీంకోర్టు 2011లో మరోసారి స్పష్టం చేసింది. సాక్ష్యాలు చెరిపేస్తాడా, సాక్షులను బెదిరిస్తాడా అనేవి కూడా కోర్టు చూస్తుంది కాని, అవి వేరే పాఠం.

మరి హాజరుకు హామీ ఏది? చాలాకాలం కోర్టులు చూసిన హామీ డబ్బే. మోతీరాం కేసు (1978) చూడండి. మధ్యప్రదేశ్‌లో ఒక పేద తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలు ఇచ్చింది. కాని మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీకత్తు అడిగారు. సోదరుడు జామీను ఉంటానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. మేస్త్రీ మళ్ళీ సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ 1,000 రూపాయల సొంత బాండు మీద విడుదల చేయమన్నారు. బస్తర్‌లోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో, చాందినీ చౌక్‌లోనో అరెస్టయిన తెలుగువాడో, తమిళుడో ఏం చేయాలని ఆ తీర్పులో ప్రశ్నించారు. పని వెతుక్కుంటూ పరాయి రాష్ట్రాలకు వలసపోయేవారికి ఆ ప్రశ్న ఇంకా పాతబడలేదు.

డబ్బు కాకపోతే ఏం చూడాలి? బీహార్ విచారణ ఖైదీలకు సంబంధించిన హుసైనారా ఖాతూన్ కేసులో 1979లో జస్టిస్ పి.ఎన్. భగవతి దీనికి జవాబు చెప్పారు. ఆ ఊళ్ళో ఎన్నాళ్ళుగా ఉంటున్నాడు, ఏం పని చేస్తున్నాడు, కుటుంబం ఎక్కడుంది, నలుగురిలో పేరెలాంటిది, అతని తరఫున మాట ఇచ్చే పెద్దలున్నారా, ఇంతకుముందు బెయిలు మీద ఉన్నప్పుడు ఎలా నడుచుకున్నాడు - వీటిని బట్టి అతని వేళ్ళు ఎంత లోతుగా ఉన్నాయో తెలుస్తుంది. నా దృష్టిలో వీటన్నిటిలో బలమైనది చివరిది. పిలిచినప్పుడల్లా వచ్చినవాడు ఈసారి రాడనడానికి ప్రాసిక్యూషన్ కారణం చూపాలి. వారంటు తప్పించుకు తిరిగినవాడి విషయంలో మాత్రం డిఫెన్సు ఎంత వాదించినా కష్టమే.

పలుకుబడి, పాస్‌పోర్టు ఉన్నవారి సంగతి? ఐ.ఎన్.ఎక్స్. మీడియా వ్యవహారంలో సి.బి.ఐ. పెట్టిన కేసులో 2019 అక్టోబరులో పి. చిదంబరం బెయిలు విచారణకు వచ్చింది. ఆర్థిక నేరాల్లో కొందరు దేశం విడిచి వెళ్ళిపోయారు కనుక ఈ బెడదను దేశవ్యాప్త పరిణామంగా చూడాలన్నది ప్రభుత్వ వాదన. సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఎవరో పారిపోయారని మరొకరికి బెయిలు నిరాకరించకూడదు, ఏ కేసుకు ఆ కేసే అంది. పాస్‌పోర్టు అప్పగించి ఉన్నారు, లుకౌట్ నోటీసు ఉంది. అనుమతి లేకుండా దేశం దాటకూడదన్న షరతుతో బెయిలు ఇచ్చింది.

మంచి న్యాయవాది తానే షరతులు ప్రతిపాదిస్తాడు: పాస్‌పోర్టు కోర్టులో జమ, పోలీసు స్టేషనులో వారం వారం సంతకం. అయితే షరతులకూ హద్దుంది. మాదకద్రవ్యాల కేసులో ఒక నైజీరియా దేశస్థుడు తానెక్కడున్నదీ గూగుల్ మ్యాప్స్ ద్వారా పోలీసులకు తెలిసేలా ఉంచాలన్న షరతు పడింది. అనుక్షణం నిఘా వ్యక్తిగత గోప్యతకు భంగమని 2024 జులైలో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. దేశం విడిచి వెళ్ళడని అతని రాయబార కార్యాలయం నుంచి పత్రం తేవాలన్న షరతూ నిలవలేదు. ఆ పత్రం ఇవ్వడం, ఇవ్వకపోవడం ముద్దాయి చేతిలో లేని పని.